మూడో గొంతు

తొమ్మిదింటికి దర్జీ తన దుకాణానికి బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి కళ్ళజోడు తీసుకున్నాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చి టీ ఫ్లాస్కు తీసుకున్నాడు. మూడోసారి రాలేదంటే ఆ రోజుకి మరిచిపోవాల్సినవన్నీ అయిపోయాయని భార్య లెక్క. సైకిలు బెల్లు సందు చివర మోగేదాకా ఆవిడ కత్తిపీట ముందు నుంచి లేవలేదు. మోగగానే లేచి, చేతులు తుడుచుకుని, వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మంచం పక్కన స్టూలు, దాని మీద ఫోను, ఫోను పక్కన ఒక పెన్ను. తొమ్మిదిన్నర కాగానే నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. అవతల ఎత్తిన చప్పుడు వినబడగానే పెన్ను వెనక వైపుతో ఫోను మీద తట్టింది. టకటక. ఒక్క క్షణం ఆగి, టక్.

"నమస్కారమండీ, నేను మూడో గొంతుని," అంది అవతలి ఆడమనిషి. "నిన్న పడవవాడు రేవు దాకా వచ్చి ఆగిపోయాడు కదా. అక్కణ్ణుంచి చదువుతాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పడవవాడు రేవులో మునిగినా తేలినా ఆవిడకి ఒకటే. ఆ గొంతు తన కూతురిది.

గంట బస్సు ప్రయాణం దూరంలో, పక్క ఊళ్ళో ఒక చిన్న లైబ్రరీ ఉంది. రెండు గదులు, ఒక వరండా, ఎండకి రంగు వెలిసిన బోర్డు. జీతం తీసుకునే మనిషి లైబ్రేరియన్ ఒక్కడే. పిల్లా పెద్దా తేడా లేకుండా అందర్నీ "ఉష్" అంటాడు కాబట్టి ఊరంతా ఆయన్ని ఉష్ మేస్టారనే పిలుస్తారు. మిగతా పనులు ఊళ్ళోవాళ్ళే వంతులేసుకుని చేస్తారు. ఒకరు చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తే, ఇంకొకరు ఆదివారం పిల్లల్ని పోగేసి కథలు చెప్తారు. అలాంటి పనుల్లో ఒకటి ఈ ఫోను చదువు. మంచం దిగలేనివాళ్ళు, చూపు ఆననివాళ్ళు ఫోను చేస్తే పావుగంట సేపు కథ చదివి వినిపిస్తారు. చదివేవాళ్ళకి పేర్లుండవు, ఒకటో గొంతు, రెండో గొంతు అంతే. వినేవాళ్ళకీ నంబర్లే. మొదట్లో వినేవాళ్ళని మాట్లాడనిచ్చారట. ఒక పెద్దాయన తన మోకాలి నొప్పి మొదలుపెట్టి నెల రోజులు చెప్పాడు. కథలో రాజుగారు ఆ నెలంతా గుర్రం ఎక్కుతూనే ఉన్నాడు. దాంతో ఉష్ మేస్టారు నియమం పెట్టాడు: వినేవాళ్ళు మాట్లాడకూడదు, తట్టాలి. ఒకసారి తడితే చదవమని, రెండుసార్లు తడితే చాలని.

ఆ నియమం మిగతావాళ్ళకి శిక్షేమో గానీ ఈవిడకి వరమైంది. మాట్లాడ్డానికి ఆవిడకి గొంతు లేదు.

ఒకప్పుడు ఆవిడ గొంతు తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్టాండు మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎందుకు ఆలస్యమైందో చెప్పిన మనిషి. పెన్నుతో మైకు మీద టకటకమని తట్టి, ఆగి, ఇంకోసారి తట్టి మొదలుపెడితే పడుకున్న కూలీలు కూడా లేచి కూర్చునేవాళ్ళు. అందరూ మైకమ్మ అనేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు మంచిదే, కాకపోతే పెద్దది.

ఆ పెద్ద నోరే మూడేళ్ళ కిందట కొంప ముంచింది. కాపురం చెయ్యలేనని కూతురు ఒక సంచీతో గేటు ముందుకు వచ్చి నిలబడింది. చిన్నప్పుడు వాగుడెక్కువని ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఒక్కగానొక్క కూతురు. ఆ రోజు మాత్రం "అమ్మా, నేనిక వెళ్ళను" అన్న మూడు మాటలే అంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది, పక్కింటివాళ్ళు పిట్టగోడ మీదికి వచ్చారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో మైకమ్మ ఒళ్ళు తెలియకుండా అరిచింది. "ఈ గేటు నీకు మూసేశాను! వెళ్ళిన చోటికే పో, లేదా ఎక్కడైనా చావు!" అని గడియ వేసింది. సందు ఆ చివరి దాకా వినబడింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. మర్నాటి నుంచి తీసుకోవాలనే ఉంది ఆవిడకి. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కదా. ఇవాళ పిలుద్దాం, రేపు పిలుద్దాం అనుకుంటుండగానే గొంతులో గడ్డ లేచింది.

ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ మధ్యలో చిన్న రంధ్రం మిగిలింది, ఊపిరి అందులోంచే. దాన్ని కప్పడానికి దర్జీ మెత్తని గుడ్డతో, వెనక హుక్కులతో, మెడపట్టీలు కుట్టి పెట్టాడు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు ఆవిడ ఆఖరిసారి మాట్లాడింది మొగుడితోనే. "దానికి చెప్పొద్దు. నా మీద ఒట్టు. గొంతుండగా పిలవని దాన్ని, జాలిపడి రమ్మని ఇప్పుడు పిలవను." ఆవిడ గొంతుకు అవే ఆఖరి మాటలయ్యాయి.

ఆస్పత్రిలో నర్సు ఫోను చదువు నంబరున్న లైబ్రరీ కార్డొకటి చేతిలో పెట్టింది. పొద్దుపోక ఆ నంబరుకి సందేశం పంపితే పదకొండో నంబరు ఇచ్చారు. మొదటి రోజు ఫోనెత్తింది మూడో గొంతు. అది జరిగి ఎనిమిది నెలలైంది.

పావుగంట అయిపోయింది. "ఇవాళ్టికి ఇంతేనండీ," అంది కూతురు. తర్వాత రోజూ అడిగే మాటే అడిగింది. "ఏమైనా చెప్తారా?"

అడిగాక ఒక నిమిషం నిండా ఊరుకుంటుంది. ఇదీ లైబ్రరీ పద్ధతేనని ఆవిడ అనుకుంటోంది. ఆ నిమిషం ఆవిడకి నరకం. పెదవులు 'తల్లీ' అని కదులుతాయి, పట్టీ కింద గాలి బుస్సుమంటుంది, అంతే. కూతురి ఊపిరి వినబడుతుంటుంది. చివరికి పెన్నుతో రెండుసార్లు తట్టింది. చాలు.

"సరేనండీ," అని అవతల పెట్టేశారు.

కాసేపటికి ఫోనులో ఉష్ మేస్టారి సందేశం వచ్చింది. శనివారం పొద్దున పదింటికి లైబ్రరీలో చదివేవాళ్ళు, వినేవాళ్ళు అందరూ కలుసుకునే సభ. రాగలిగినవాళ్ళు రావాలి. మూడో గొంతు పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం వాళ్ళు ఆమెను దూరపు ఊరి బ్రాంచికి మార్చారు, ఆదివారమే ప్రయాణం. కాబట్టి శనివారం చదివేదే ఆమె ఆఖరి చదువు.

ఆవిడ ఆ సందేశాన్ని ఆరుసార్లు చదివింది. పొయ్యి మీద పాలు పొంగిపోయి మాడిన వాసన వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

బుధవారం దర్జీ మూడోసారి వెనక్కి వచ్చాడు. కొలతల టేపు మర్చిపోయిన సంగతి దుకాణం చేరాకే గుర్తొచ్చింది. వెనక గది తలుపు అవతల ఎవరో కథ చదువుతున్నారు. రేడియో అనుకున్నాడు. రెండు వాక్యాలు విన్నాక చెయ్యి గోడకి ఆనించుకున్నాడు.

"ఏమైనా చెప్తారా?" అంది లోపలి గొంతు. నిమిషం. టక్ టక్.

తలుపు తీసి, "పిచ్చుక కదూ?" అన్నాడు.

ఆవిడ ఫోను ఒళ్ళో దాచుకుంది, బెల్లం దొంగిలించి దొరికిపోయిన చిన్నపిల్లలా.

"నిన్నే అడిగేది. పిచ్చుకేనా? ఎన్నాళ్ళ నుంచి?"

పలక తీసి రాసింది: ఎనిమిది నెలలు.

ఆయన మంచం మీద కూలబడ్డాడు. ముప్పై రెండేళ్ళ కాపురంలో భార్య మీద గొంతెత్తని మనిషి. అసలు ఆ ఇంట్లో గొంతెత్తే అవకాశం ఆయనకెప్పుడూ రాలేదు.

"ఎనిమిది నెలలు!" అని అరిచాడు. "నీకు తెలీకుండా ఆదివారం ఆదివారం దుకాణం నుంచి దానితో మాట్లాడుకునేవాణ్ణి. నువ్వు ఒట్టేయించుకున్నాక, మాట్లాడితే ఎక్కడ నోరు జారుతానోనని ఫోనెత్తడమే మానేశాను. అది ఎన్నిసార్లు చేసిందో తెలుసా? ఫోను మోగుతుంటే మిషను తొక్కుతూ కూర్చునేవాణ్ణి, చప్పుడు వినబడకుండా. చేసి చేసి విసిగిపోయి మానుకుంది. అమ్మేమో గెంటేసింది, నాన్నేమో ఫోనెత్తడు, అనుకోదూ? నీ ఒట్టు కోసం నా బిడ్డకి నేను చచ్చినవాణ్ణయ్యాను. నువ్వు మాత్రం తలుపేసుకుని రోజూ దాని గొంతు వింటున్నావా?"

ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. చప్పుడు లేని ఏడుపు. పట్టీ మాత్రం ఎగిరెగిరి పడుతోంది. చివరికి రాసింది: అది నేనని దానికి తెలీదు. తెలిస్తే చదవడం ఆపేస్తుంది. తర్వాత ఫోనులో సందేశం తీసి చూపించింది.

చదివాక ఆయన కోపం ఎటు పోయిందో పోయింది. "ఆదివారమా? అయితే లే, ఇప్పుడే వెళ్దాం. జరిగిందంతా నేను చెప్తాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పలక తుడిచి, గట్టిగా, సుద్ద విరిగేలా రాసింది: అన్నది నేను. చెప్పుకోవాల్సిందీ నేనే.

"ఎలా చెప్తావే?" అన్నాడు ఆయన. మాట నోట్లోంచి వచ్చాక తనే తల దించుకున్నాడు.

శుక్రవారం ఇద్దరూ కలిసే విన్నారు. ఆయన దుకాణం తియ్యలేదు. ఫోనుకి అటు ఆయన, ఇటు ఆవిడ. పడవవాడి కథ అయిపోయింది. వాడు చివరికి ఇల్లు చేరాడు, ఇంట్లో ఎవరూ లేరు.

"ఇక మీకు ఫోనులో చదవనండీ," అంది కూతురు. "రేపు సభ ఉంది, రాగలిగితే రండి. ఏమైనా చెప్తారా?" నిమిషం గడిచింది. ఈసారి అక్కడితో వదిలెయ్యకుండా మళ్ళీ అడిగింది. "ఒక్క మాటండీ. ఏ మాటైనా సరే, పర్లేదు."

ఆవిడ రెండు చేతులతో ఫోను పట్టుకుని నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. దర్జీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పెన్ను అందుకునేలోపే అవతలి నుంచి "సరే, మీ ఇష్టం" అని వినబడింది, ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఎనిమిది నెలల్లో తట్టకుండానే ఫోను పెట్టెయ్యడం అదే మొదలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిడ ఆ రోజంతా కాగితం ముందు కూర్చుంది. రాసింది, చించింది, మళ్ళీ రాసింది. మధ్యాహ్నం ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. సూదులకు అలవాటైన చేతులు, గోరు చీల్చుకుని గానీ ఆ పని పూర్తి చెయ్యలేకపోయాడు. కిటికీలోంచి చూసి, ఆవిడ కాగితంలో ఇంకో వాక్యం రాసింది.

ఆపరేషన్ తర్వాత ఆవిడ మొదటిసారి గేటు దాటింది శనివారమే. బస్టాండులో స్పీకరు గరగరమంది. "ప్రయాణికులకు మనవి. మీ సామాను మీరే జాగ్రత్తగా చూసుకోండి." ఎన్నేళ్ళ కిందటో రికార్డు చేసి పెట్టిన తన గొంతే. ఆవిడ నడిచేదల్లా నిలబడిపోయింది. దర్జీ చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు.

లైబ్రరీ వరండా నిండా బడి నుంచి తెచ్చిన బెంచీలు వేశారు. చదివేవాళ్ళే కుర్చీలు మోస్తున్నారు, మంచినీళ్ళు అందిస్తున్నారు, చక్రాల కుర్చీలో వచ్చినామెను మెట్ల మీంచి ఎత్తి దించుతున్నారు. ఉష్ మేస్టారు ఒక్కొక్కరి చొక్కాకి నంబరు చీటీ గుచ్చుతున్నాడు. "పదకొండా! మీరా!" అని గుచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాడు. మోకాలి నొప్పి పెద్దాయన ముందు వరసలో కూర్చుని, ఇవాళ నియమం లేదు కదా అని పక్కవాడికి మోకాలి సంగతి మొదలుపెట్టాడు.

కూతురు మైకు ముందుకు వచ్చింది. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. వినేవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి తమకిష్టమైన పుట చూపిస్తే ఒక పేరా చదువుతోంది. తొమ్మిదో నంబరు అయింది. పదో నంబరూ అయింది.

"పదకొండో నంబరు," అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆవిడ లేచింది. బెంచీల మధ్యగా ముందుకి నడిచింది. వెనకే దర్జీ. బల్ల ముందు ఆగాక కూతురు తలెత్తింది. ఆశ్చర్యపోలేదు. ఆ మొహంలో ఉన్నది ఎనిమిది నెలలుగా అణిచి పెట్టుకున్న కోపం.

"వచ్చావా?" అంది, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, చిన్నగా. "మొదటి రోజే తెలిసింది నువ్వేనని. అలా తట్టే మనిషి లోకంలో ఇంకొకరు లేరు. జ్వరమొచ్చినా మానకుండా చదివాను, నీకోసం. ఏమైనా చెప్తారా అని ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగరమ్మా. అసలు అడగకూడదు. నేనే రోజూ అడిగాను. ఒక్కసారి పిచ్చుకా అంటావేమోనని. తిట్టినా బావుండేది. ఊరంతా వినేలా చావమనగలిగావే, ఒక్క మాట అనలేకపోయావా?"

ఆవిడ మడతపెట్టిన కాగితం చాచింది.

"ఇప్పుడు కూడా కాగితమేనా?" కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు నోరు లేదా అమ్మా?"

"లేదమ్మా," అన్నాడు దర్జీ వెనక నుంచి. "నిజంగానే లేదు."

ఆవిడ మెడ వెనక్కి చేతులు పోనిచ్చి హుక్కులు తీసింది. పట్టీ ఊడి బల్ల మీద పడింది.

కూతురు అమ్మ మెడ చూసింది. పట్టీ చేతిలోకి తీసుకుని దాని అంచు చూసింది. నాన్న కుట్టు. నాన్న ఫోను ఎందుకెత్తలేదో కూడా అప్పుడే అర్థమైనట్టుంది, ఆయన వైపు తిరిగింది. వరండాలో ఎవరూ దగ్గడం లేదు. ఉష్ మేస్టారికి ఉష్ అనాల్సిన పనే లేకపోయింది.

ఆవిడ కాగితాన్ని మైకు వైపు చూపించింది. చదువు. అందరూ వినేలా చదువు.

కూతురు కాగితం విప్పింది.

"'నేను బస్టాండు మైకమ్మని,'" అని మొదలుపెట్టింది. "'మూడేళ్ళ కిందట నా కూతురు దిక్కుతోచక గేటు ముందుకు వస్తే, సందంతా వినేలా చావమన్నాను. అంత పెద్దగా అన్న మాటని చెవిలో చెప్పి తుడుచుకోకూడదు. అంతకంటే పెద్దగా చెప్పాలి. నాకు గొంతు లేదు. అందుకని నా కూతురి గొంతే అడుక్కుంటున్నాను. తప్పు నాది. అది ఏ తప్పూ చెయ్యలేదు. దాని బాధ ఏమిటని నేను అడగను కూడా అడగలేదు. ఇరుగుపొరుగు మొహాలు చూశాను గానీ నా బిడ్డ మొహం చూడలేదు...'"

చదవలేనన్నట్టు తల ఊపింది.

ఆవిడ చెయ్యి చాచి బల్ల మీద వేలితో ఒకసారి తట్టింది.

చదవమని.

కూతురు ముక్కు ఎగబీల్చుకుని, కళ్ళు తుడుచుకుని, చదివింది. "'క్షమించమని అడిగే ముఖం లేదు నాకు. వెళ్ళే ముందు ఒక్కసారి ఇంటికి రా తల్లీ. మీ నాన్న నిన్న గేటు గడియ ఊడబీకి పారేశారు. మూద్దామన్నా ఇక మూసుకోదు.'"

అంతే. కాగితం అయిపోయింది. దర్జీ చీలిన గోరున్న చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. కూతురు అమ్మ మొహంలోకి చూస్తూ, "చాలా?" అంది.

చాలంటే రెండుసార్లు తట్టాలి. ఆవిడ ఒకసారి తట్టి చెయ్యి తీసేసింది.

కూతురు కాగితం తిరగేసింది. వెనక వైపు ఖాళీ. మైకు పక్కకి జరిపేసింది, బల్ల చుట్టూ తిరిగి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది, తనూ పక్కనే కూర్చుంది. ఆ ఖాళీ కాగితాన్ని ఒళ్ళో పరుచుకుని, అందులో రాసి ఉన్నట్టే వేలు పెట్టి మొదలుపెట్టింది.

"ఆ రోజు గేటు దగ్గర్నుంచి నేను ఎక్కడికి వెళ్ళానంటే అమ్మా..."